ఇండక్షన్‌లో "కె కి నిజం అనుకుందాం" అంటే నిరూపించాల్సిందే ముందుగా ఒప్పేసుకున్నట్టు కాదా?

చీపురుపల్లి_ప్యాసింజర్

అందరికీ నమస్తే. విజయనగరం దగ్గర ఒక కాలేజీలో సీఎస్ఈ సెకండియర్ చదువుతున్నా, రోజూ చీపురుపల్లి నుంచి వచ్చి వెళ్తా. మిడ్ దగ్గరకొచ్చేసింది, డిస్క్రీట్ మ్యాథ్స్ పుస్తకం తెరిస్తే చాలు టెన్షన్. కాలిక్యులస్ అయితే ఏదో ఒక ఫార్ములా పెట్టి లాగించేస్తాం, ఎంసెట్‌లో అయితే ఆప్షన్లు ఒక్కోటీ వేసి చూసి వెనక నుంచి కూడా వచ్చేసేవాళ్ళం. ఇందులో అలాంటిదేం కుదరట్లేదు. ప్రతి ప్రశ్నా "చూపండి", "నిరూపించండి" అనే ఉంటుంది, పెన్ను ఎక్కడ పెట్టాలో తెలీదు.

ముఖ్యంగా రెండు డౌట్లు. ఒకటి ఇండక్షన్, అంటే ముందు మొదటి సంఖ్యకి చూపి, తర్వాత కె కి నిజమైతే కె+1 కి కూడా నిజమని చూపి, అన్ని సంఖ్యలకీ నిజం అనేయడం. ఇంటర్ 1ఏలో ఈ చాప్టర్ చేశాం, స్టెప్పులు రాస్తే మార్కులు వేసేవారు కాబట్టి అప్పుడు ఆలోచించలేదు. "ఎన్ = కె అయినప్పుడు నిజం అనుకుందాం" అని రాస్తాం కదా, మనం నిరూపించాల్సిందే అది. దాన్నే అనుకుని దాన్నే నిరూపిస్తే నిరూపణ ఎలా అవుతుంది? రెండోది, "పి అయితే క్యూ" ట్రూత్ టేబుల్‌లో (పి, క్యూ నిజమో అబద్ధమో అయినప్పుడు మొత్తం వాక్యం ఏమవుతుందో చూపే పట్టిక) పి అబద్ధమైతే చాలు, క్యూ ఏదైనా సరే మొత్తం నిజం అని పెట్టేస్తారు. ఎందుకు? క్లాసులో అడిగితే "డెఫినిషన్ అంతే, రాసుకో" అన్నారు.

మూడులాంతర్ల_కాడ

తమ్ముడూ, ముందు మిడ్ గట్టెక్కు, తత్వం తర్వాత. ట్రూత్ టేబుల్స్, పీసీఎన్ఎఫ్, పీడీఎన్ఎఫ్ (లాజిక్ వాక్యాన్ని ప్రామాణిక రూపంలో రాసేవి), హాస్ డయాగ్రమ్, రికరెన్స్ రిలేషన్స్‌లో మూలాలు కనుక్కుని రాసేవి, ఇవన్నీ పద్ధతి ప్రకారం చేసుకుంటూ పోతే వచ్చేస్తాయి. పాత పేపర్లు తిరగేస్తే అవే అటూ ఇటూ మార్చి ఇస్తారని నీకే తెలుస్తుంది. నిరూపణలు ఒకటో రెండో బట్టీ. మేమంతా అలాగే పాసయ్యాం, ఇప్పుడు వైజాగ్‌లో కోడ్ రాసుకుంటున్నాం, ఏమీ ఆగిపోలేదు.

అరసవల్లి_ఎండ

పాసవడానికి పై సలహా సరిపోతుంది, అడిగిన ప్రశ్నకి మాత్రం అది జవాబు కాదు. చాలా ఏళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఈ అబ్బాయి రెండు డౌట్లు అన్నాడు గానీ నా లెక్కన అవి ఒకటే. అందుకే రెండోదాంతో మొదలుపెడతా. మీ కాలేజీ గేటు దగ్గర జెరాక్స్ షాపాయన "కరెంటు పోతే జనరేటర్ వేస్తాను" అన్నాడనుకోండి. కరెంటు పోయింది, వేశాడు: మాట నిలబెట్టుకున్నాడు. కరెంటు పోయింది, వెయ్యలేదు: మాట తప్పాడు. అసలు కరెంటే పోలేదు, జనరేటర్ ఊరికే పడుంది: ఆయన్ని అబద్ధాలకోరు అంటారా? పోలేదు, కానీ సర్వీసింగ్ చేసి ఎలా ఉందో చూద్దామని కాసేపు వేశాడు: అప్పుడైనా అంటారా? నాలుగు రకాల రోజుల్లో మాట తప్పిన రోజు ఒక్కటే. ట్రూత్ టేబుల్‌లో ఎఫ్ పడేది ఆ ఒక్క వరసలోనే, మిగతా మూడింట్లోనూ మాట చెక్కుచెదరలేదు కాబట్టి టి. "పి అయితే క్యూ" అనేవాడు పి జరిగిందని చెప్పడం లేదు, క్యూ జరిగిందని కూడా చెప్పడం లేదు. పి జరిగి క్యూ జరగకుండా పోవడం ఉండదు అని మాత్రమే చెప్తున్నాడు.

ఇప్పుడు ఇండక్షన్‌కి రండి. రెండో మెట్టులో మనం నిరూపిస్తున్నది "కె కి నిజం" అని కాదు, "కె కి నిజమైతే కె+1 కి కూడా నిజం" అనే మొత్తం వాక్యాన్ని. "అయితే" ఉన్న వాక్యాన్ని నిరూపించాలంటే ఏం చెయ్యాలి? ముందు భాగం అబద్ధమైన వరసల్లో మనకి పనే లేదు, అక్కడ ఎలాగూ టి. కాబట్టి ముందు భాగం నిజమైన వరస ఒక్కటే చూసుకుంటే చాలు. "కె కి నిజం అనుకుందాం" అని రాసేది అందుకే. పైగా ఆ అనుకున్నది ఏదో ఒక కె కి, అన్ని ఎన్ లకీ కాదు. అన్నిటికీ అనుకుంటే నువ్వన్నట్టే ఆ నిరూపణకి విలువ లేదు.

మరి అసలు నిజం లోపలికి ఎక్కడి నుంచి వస్తుంది? బేస్ కేస్ నుంచి, అంటే మొదటి విలువకి విడిగా సరిచూసిన దాన్నుంచి. దాన్ని పిల్లలు "ఎల్‌హెచ్ఎస్ = 1, ఆర్‌హెచ్ఎస్ = 1" అని ఒక లైనులో గీకి పారేస్తారు. అదే లేకపోతే మిగతాదంతా గాల్లో ఉంటుంది.

సమ్ ఫార్ములాలు కాకుండా వేరే ఉదాహరణ ఇస్తా, ఎందుకంటే 1+2+...+ఎన్ లాంటివి చేసి చేసి ఇండక్షన్ అంటే ఆల్జీబ్రా అనుకునే రోగం వచ్చింది అందరికీ. ఒక కొట్లో 3 రూపాయల టోకెన్లు, 5 రూపాయల టోకెన్లు మాత్రమే ఉన్నాయి. 8 రూపాయలు, ఆపైన ఏ పూర్తి రూపాయల మొత్తమైనా వీటితో సరిగ్గా ఇవ్వొచ్చని చూపండి. 8 అంటే 5+3, ఇది బేస్. ఇప్పుడు ఏదో ఒక కె రూపాయలు ఇవ్వగలిగాం అనుకుందాం, కె 8 కి తగ్గదు. మనం ఇచ్చిన వాటిలో ఒక్క 5 టోకెన్ ఉన్నా దాన్ని వెనక్కి తీసుకుని రెండు 3 లు పెడతాం, 5 పోయి 6 వచ్చింది, ఒక రూపాయి పెరిగింది. 5 టోకెన్ ఒక్కటి కూడా లేదంటే అన్నీ 3 లే. మొత్తం 8 కి తగ్గదు కాబట్టి 3 లు కనీసం మూడు ఉండాలి. ఆ మూడు తీసేసి రెండు 5 లు పెడతాం, 9 పోయి 10 వచ్చింది. రెండు రకాలుగానూ కె+1 వచ్చేసింది, అయిపోయింది. ఇందులో "కె కి ఇవ్వగలిగాం" అన్నమాటని వాడుకున్నాం, నిరూపించామని చెప్పుకోలేదు. చేతిలో ఉన్న టోకెన్లని మార్చే పద్ధతి చెప్పామంతే.

చీపురుపల్లి_ప్యాసింజర్

సార్, జనరేటర్ మాటతో ట్రూత్ టేబుల్ వెలిగింది. టోకెన్లది కూడా చేతితో చేసి చూశా, 8 నుంచి 9 కి వెళ్ళినప్పుడు 5 పోయి 3+3+3, అక్కడి నుంచి 10 కి 5+5, తర్వాత 5+3+3, బాగుంది. ఒక్కటి, 7 ఎందుకు కుదరదో కూడా రాయాలా?

అరసవల్లి_ఎండ

ప్రశ్న "8 నుంచి" అని ఉంటే అక్కర్లేదు. రాసినా ఎవరూ కొట్టెయ్యరు. 7 నుంచి 5 తీస్తే 2, 5 లేకుండా చూస్తే 7 ని 3 భాగించదు, అంతే.

సప్లీ_బ్యాచ్

సార్ ఇంత చెప్పాక నేను కూడా ఒకటి నిరూపిస్తా. పలాసలో ఆవులన్నీ ఒకే రంగు. నవ్వకండి, ఇండక్షనే.

ఒక్క ఆవు ఉంటే అది దాని రంగే, బేస్ కేస్ ఓకే. ఏ కె ఆవులు తీసుకున్నా ఒకే రంగు అనుకుందాం. ఇప్పుడు కె+1 ఆవులు వరసగా నిలబెట్టాం. చివరి ఆవుని పక్కన పెడితే మిగిలిన కె ఆవులు ఒకే రంగు. ఈసారి దాన్ని తెచ్చి మొదటి ఆవుని పక్కన పెడితే ఆ కె ఆవులూ ఒకే రంగు. మధ్యలో ఉన్నవి రెండు గుంపుల్లోనూ ఉన్నాయి కాబట్టి మొత్తం కె+1 ఆవులూ ఒకే రంగు. కాబట్టి పలాసలో ఆవులన్నీ ఒకే రంగు. ఎక్కడ తప్పుందో చెప్పినోళ్ళకి జీడిపప్పు ప్యాకెట్.

పలాస_జీడిపప్పు

మా ఊరి ఆవుల జోలికి రావద్దు బావు, మా ఇంట్లోనే తెల్లది ఒకటి కపిల ఒకటి ఉన్నాయి. నిరూపణ ఖండించబడింది. ప్యాకెట్ పంపు.

సప్లీ_బ్యాచ్

అది కౌంటర్ ఎగ్జాంపుల్, ఫలితం అబద్ధమని చెప్తుంది. ఏ లైను తప్పో చెప్పాలి.

చీపురుపల్లి_ప్యాసింజర్

నేను ట్రై చేస్తా. బేస్ బానే ఉంది. కె = 1 నుంచి 2 కి వెళ్ళే చోట చూస్తే, రెండు ఆవులు ఉన్నాయి, చివరిది తీస్తే మొదటిది మిగిలింది, మొదటిది తీస్తే చివరిది మిగిలింది. "మధ్యలో ఉన్నవి" అన్నాం గానీ మధ్యలో ఏమీ లేవు. రెండు గుంపులకీ ఉమ్మడి ఆవు లేదు. అంటే 2 నుంచి 3 కి, 3 నుంచి 4 కి మెట్లన్నీ బానే ఉన్నాయి, 1 నుంచి 2 కి ఒక్కటే విరిగిపోయింది.

అరసవల్లి_ఎండ

ఇదే కావాల్సింది. రెండు ఆవులు ఒకే రంగు అని విడిగా ఎవరైనా నిరూపించగలిగితే మిగతాదంతా సరిగ్గా నడుస్తుంది, అది గమనించు. ఈ తిరకాసు జార్జ్ పోయా అనే హంగేరియన్ గణితవేత్త పేరు మీద చెప్తారు, ఆయన చెప్పింది గుర్రాలతోనో ఆడపిల్లల కళ్ళ రంగుతోనో అని రెండు రకాలుగా తిరుగుతూంటుంది. ప్రతి ఇండక్షన్ రాసేటప్పుడూ మెట్టు వాదనలో కె దగ్గర బేస్ విలువనే పెట్టి ఒకసారి చదువుకోండి. తొంభై పాళ్ళు తప్పులు అక్కడే దొరుకుతాయి.

మూడులాంతర్ల_కాడ

సరే సార్, ఒప్పుకుంటా, లూప్ రాసేటప్పుడు మొదటి సారి తిరిగినప్పుడు ఏమవుతుందో చూడకపోతే వచ్చే బగ్ కూడా ఇలాంటిదే. కానీ గ్రాఫ్ థియరీ నిరూపణలకి ఈ పద్ధతి పనికిరాదు కదా, అక్కడ బొమ్మ గీయడం తప్ప దారేముంది?

ఏడురోడ్ల_పిల్ల

గ్రాఫ్ థియరీ అంటే శ్రీకాకుళం వాళ్ళని అడగాలి, ఊరి నడిబొడ్డునే డిగ్రీ 7 వెర్టెక్స్ (ఏడు గీతలు కలిసే చుక్క) పెట్టుకుని కూర్చున్నాం. ఏడు రోడ్ల కూడలి.

ఇప్పుడు బొమ్మ గియ్యకుండా ఒకటి చెప్తా. కూడళ్ళని చుక్కలుగా, రోడ్డు ముక్కల్ని గీతలుగా ఊరి మ్యాప్ వెయ్యండి. ఏడు రోడ్ల కూడలి కాకుండా ఊళ్ళో ఇంకోటైనా బేసి సంఖ్య రోడ్లు కలిసే చోటు ఉండి తీరుతుంది. ఊరు తిరగక్కర్లేదు, గూగుల్ మ్యాప్ తెరవక్కర్లేదు. ఎందుకంటే ప్రతి గీతకీ రెండు చివరలు. అన్ని చుక్కల దగ్గరా కలిసే గీతల్ని లెక్కపెట్టి కూడితే ప్రతి గీతా రెండుసార్లు లెక్కకొస్తుంది, మొత్తం సరి సంఖ్య. అందులో సరి డిగ్రీలు తీసేస్తే మిగిలేది కూడా సరి. బేసి సంఖ్యలు కూడి సరి రావాలంటే అవి జంటగా ఉండాలి. ఒకటే బేసి ఉండటం అసాధ్యం.

పలాస_జీడిపప్పు

మా అత్తగారి వీధి చివర గోడ కట్టేశారు, దారి లేదు. అక్కడ ఏ కూడలీ లేదు. దాన్నేం చేస్తావు?

ఏడురోడ్ల_పిల్ల

గోడ దగ్గర ఒక చుక్క పెట్టు, డిగ్రీ 1. అది బేసే. నువ్వు నాకే సాయం చేశావు.

సప్లీ_బ్యాచ్

అక్కా, మరి హైవే ఎక్కి విశాఖపట్నం వెళ్ళిపోయే రోడ్డు? దాని రెండో చివర ఊళ్ళో లేదుగా. అప్పుడు నీ "రెండు చివరలు" లెక్క తప్పింది.

ఏడురోడ్ల_పిల్ల

మంచి పాయింటే. మ్యాప్‌ని ఎక్కడ కత్తిరిస్తే అక్కడ చుక్క పెట్టాల్సిందే. గ్రాఫ్‌లో ప్రతి ఎడ్జ్‌కీ రెండు చివరలుండాలి, గాల్లో వేలాడే గీత ఉండదు. కాబట్టి నా మాట సరిగ్గా చెప్పాలంటే "ఇంకో బేసి కూడలి, లేదా మూసుకుపోయిన వీధి, లేదా మ్యాప్ అంచు దగ్గర తెగిన రోడ్డు". పరీక్షలో హ్యాండ్‌షేకింగ్ లెమ్మా అని అడుగుతారే, ఇదే.

ఇక ఆయిలర్ అనే గణితవేత్త కథ అందరికీ తెలిసిందే, 1736 నాటిది. కోనిగ్స్‌బర్గ్ ఊరు, ప్రెగెల్ నది, మధ్యలో దీవి, ఏడు వంతెనలు. ప్రతి వంతెనా ఒక్కసారే దాటి ఊరంతా తిరగగలమా అని. నేల ముక్కలు నాలుగు, వాటికి తగిలే వంతెనలు 5, 3, 3, 3. కూడితే 14, ఏడు రెళ్ళు. ఒక చోటికి ఒక వంతెన మీద వస్తే ఇంకో వంతెన మీద వెళ్ళాలి, కాబట్టి మొదలుపెట్టిన చోటు, ఆగిన చోటు తప్ప మిగతా అన్ని చోట్లా వంతెనలు జతలుగా ఉండాలి. అంటే బేసి చోట్లు రెండుకి మించకూడదు. ఇక్కడ నాలుగూ బేసే. కుదరదు. ఇందులో కూడా బొమ్మ చూసి "కుదరట్లేదు" అనలేదు, ఎందుకు కుదరదో చెప్పాం.

చీపురుపల్లి_ప్యాసింజర్

అక్కా ఇది సూపర్. మా పుస్తకంలో ఈ థీరమ్ సగం పేజీ ఉంది, ఈ రెండు లైన్లు చదివాక ఆ సగం పేజీ అర్థమైంది. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా, అంటే మనకి ముందే తెలిసినవి?

బొబ్బిలి_పద్యం

నేను లెక్కల మనిషిని కాదు, హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా అబ్బాయికి ఈ సబ్జెక్టే ఉంటే వాడి పుస్తకం తిరగేస్తూ ఈ చర్చ చూశాను. బాబూ, నీకు ముందే తెలిసినది ఒకటి ఉంది. పదో తరగతిలో గురువు, లఘువు, గణాలు చదివావు కదా. య మా తా రా జ భా న స ల గం గుర్తుందా?

చీపురుపల్లి_ప్యాసింజర్

గుర్తుంది మేడమ్. భ ర న భ భ ర వ ఉత్పలమాల, మ స జ స త త గ శార్దూలం. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా, అక్కడితో తెలుగు పద్యం ఆగిపోయింది.

బొబ్బిలి_పద్యం

చాలు, అంత గుర్తుంటే. లఘువుకి ల, గురువుకి గ అని రాస్తాను. యమాతారాజభానసలగం లో పది అక్షరాలు. వరసగా రాస్తే ఇలా వస్తుంది: ల గ గ గ ల గ ల ల ల గ. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు చదివినా ఆ అక్షరం పేరున్న గణం వస్తుంది. య దగ్గర య మా తా, ల గ గ, య గణం. మ దగ్గర మా తా రా, మూడూ గురువులు, మ గణం. అలా స దాకా, స ల గం, ల ల గ, స గణం. పిల్లలకి చెప్పేటప్పుడు ఇంతవరకే చెప్తాం. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి, ఇక్కడ పదిలో సరిపోయాయి. ఒక్క గణం మళ్ళీ రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు. మొదటి రెండక్షరాలు ల గ, చివరి రెండక్షరాలూ ల గ. కాబట్టి చివరి రెండు తీసేసి ఎనిమిదింటినీ చక్రంలా చుట్టేయొచ్చు. ఇది మా అబ్బాయి పుస్తకంలో 0, 1 లతో వేరే పేరుతో కనిపించి ఆశ్చర్యపోయాను. ఆ పేరు సరిగ్గా పలకడం కూడా నాకు రాదు, లెక్కల వాళ్ళు చెప్పాలి.

ఏడురోడ్ల_పిల్ల

డి బ్రాయిన్ సీక్వెన్స్, మేడమ్! నెదర్లాండ్స్ ఆయన, 1946లో పేపర్ రాశారు. నేను పదేళ్ళు యమాతా చెప్పుకున్నా ఈ సంగతి తట్టలేదు.

దీని లోపల ఉన్నది ఆయిలర్ సర్క్యూటే, అంటే ప్రతి గీత మీదా ఒక్కోసారే వెళ్ళి బయల్దేరిన చోటికే రావడం, చూడండి. నాలుగు చుక్కలు పెట్టండి: లల, లగ, గల, గగ. ప్రతి గణం ఒక బాణం. గణంలో మొదటి రెండక్షరాల చుక్క నుంచి చివరి రెండక్షరాల చుక్కకి గీయాలి. య గణం ల గ గ, అంటే లగ నుంచి గగ కి. మ గణం గగ నుంచి మళ్ళీ గగ కే, తన చుట్టూ తనే. న గణం లల దగ్గర అలాగే. మొత్తం ఎనిమిది బాణాలు. ఏ చుక్క నుంచైనా బయటికి రెండే, ఎందుకంటే తర్వాతి అక్షరం ల గానీ గ గానీ. లోపలికీ రెండే, ముందు అక్షరం ల గానీ గ గానీ. బాణాలున్న గ్రాఫ్‌లో అన్ని చుక్కల దగ్గరా లోపలికి వచ్చేవి, బయటికి పోయేవి సమానమై, ఏ చుక్క నుంచి ఏ చుక్కకైనా దారి ఉంటే ఆయిలర్ సర్క్యూట్ ఉండి తీరుతుంది. ఆ సర్క్యూట్‌ని చదివితే యమాతారాజభానసలగం: లగ, గగ, గగ, గల, లగ, గల, లల, లల, లగ. ఎనిమిది బాణాలూ ఒక్కోసారి, బయల్దేరిన లగ కే తిరిగొచ్చాం.

సప్లీ_బ్యాచ్

అంతా బానే ఉంది గానీ ఇది సిలబస్‌లో ఎక్కడుంది? పేపర్లో గణవిభజన రాస్తే సున్నా వేస్తారు.

మూడులాంతర్ల_కాడ

సప్లీ, ఈసారి నేను వాళ్ళ పక్షం. డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా చదివి మళ్ళీ పొడుగ్గా అతికించే సాఫ్ట్‌వేర్లలో ఈ గ్రాఫ్‌నే వాడతారు, పేరు కూడా డి బ్రాయిన్ గ్రాఫే. అది పద్యంతో గుర్తుంటే నష్టమేటి?

అరసవల్లి_ఎండ

సిలబస్ అంటారా, ఆయిలర్ సర్క్యూట్ ఉంది, ప్రొడక్ట్ రూల్ ఉంది, బైజెక్షన్ ఉంది. మేడమ్ గారు దారి చూపించారు కాబట్టి బైజెక్షన్‌కి ఛందస్సులోంచే ఒకటి.

శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు. 19 అక్షరాల్లో గురులఘువులు ఎన్ని రకాలుగా పేర్చొచ్చు? ఒక్కో చోట రెండు అవకాశాలు, కాబట్టి 2¹⁹, అంటే 5,24,288. మన లాక్షణికులు వీటన్నిటినీ ఒక క్రమంలో పేర్చే పద్ధతి పెట్టారు, ప్రస్తారం అంటారు. అన్నీ గురువులైనది 1వది. అందులో శార్దూలం 149337వ వృత్తం అని ఛందస్సు పుస్తకాల్లో ఉంటుంది. ఈ సంఖ్య చూసి చాలామంది దండం పెట్టి పేజీ తిప్పేస్తారు. లెక్క చాలా సులువు. మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, అలా రెట్టింపు చేసుకుంటూ పోండి. లఘువు ఉన్న చోట్ల అంకెలు మాత్రం కూడి, చివర 1 కలపాలి. మ స జ స త త గ లో లఘువులు 4, 5, 7, 9, 10, 11, 15, 18 స్థానాల్లో ఉన్నాయి. 8 + 16 + 64 + 256 + 512 + 1024 + 16384 + 131072 = 149336. ఒకటి కలిపితే 149337.

ఇది బైనరీ సంఖ్యే, కాకపోతే ఎడమ నుంచి చదువుతున్నాం. ప్రతి పేర్పుకీ ఒకే సంఖ్య, ప్రతి సంఖ్యకీ ఒకే పేర్పు: వన్-వన్, ఆంటూ రెండూ. వరస సంఖ్య ఇచ్చి వృత్తం చెప్పమంటే 1 తీసేసి రెండుతో భాగిస్తూ పోవడమే. ఉత్పలమాల మీరే చెయ్యండి.

చీపురుపల్లి_ప్యాసింజర్

భ ర న భ భ ర వ. లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19. కూడితే 355798, ఒకటి కలిపితే 355799. సరేనా సార్?

బొబ్బిలి_పద్యం

సరే బాబూ. మా పుస్తకంలోనూ 355799 అనే ఉంది. ఆ సంఖ్య ఎలా వచ్చిందో ఇన్నాళ్ళకి తెలిసింది.

అరసవల్లి_ఎండ

ఇంకోటి చెప్పి మళ్ళీ ఇండక్షన్‌కే వస్తా, ఎందుకంటే నువ్వు మొదలుపెట్టిన డౌటుకి ఇంకో సగం ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఎన్ మాత్రలు ఎన్ని రకాలుగా వస్తాయి? 4 మాత్రలకి రాసి చూడండి: గగ, గలల, లగల, లలగ, లలలల. ఐదు. పేర్పు లఘువుతో ముగిస్తే దాని ముందు ఎన్-1 మాత్రలు, గురువుతో ముగిస్తే ఎన్-2 మాత్రలు. కాబట్టి ఎన్ కి సంఖ్య = ఎన్-1 సంఖ్య + ఎన్-2 సంఖ్య. 1, 2, 3, 5, 8, 13... గుర్తుపట్టారుగా. ఇటలీలో ఫిబొనాచి కుందేళ్ళ లెక్క రాసింది 1202లో. గుజరాత్‌లో హేమచంద్రుడు 1150 ప్రాంతంలోనే మాత్రల లెక్కగా దీన్ని చెప్పాడు, ఆయనకంటే ముందు విరహాంకుడూ చెప్పాడు.

ఇక్కడ కె+1 కోసం కె ఒక్కటే సరిపోదు, కె-1 కూడా కావాలి. వెనక రెండు మెట్ల మీద కాలు వేస్తున్నావు కాబట్టి బేస్ కూడా రెండు ఉండాలి. ఒకే బేస్ రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ఇది చెయ్యి: ఎన్ మాత్రల పేర్పుల సంఖ్య 2 పవర్ ఎన్ కంటే ఎప్పుడూ తక్కువే అని చూపించు.

చీపురుపల్లి_ప్యాసింజర్

రైల్లో రాశా, చూడండి.

ఎన్ = 1 కి 1, అది 2 కంటే తక్కువ. ఎన్ = 2 కి 2, అది 4 కంటే తక్కువ. ఇవి రెండూ బేస్. ఇప్పుడు కె 2 గానీ ఆపైన గానీ అనుకుందాం, కె కి, కె-1 కి రెండిటికీ నిజం అనుకుందాం. కె+1 మాత్రల సంఖ్య = కె సంఖ్య + కె-1 సంఖ్య. మొదటిది 2 పవర్ కె కంటే తక్కువ, రెండోది 2 పవర్ (కె-1) కంటే తక్కువ, అది మళ్ళీ 2 పవర్ కె కంటే తక్కువ. కాబట్టి మొత్తం రెండు సార్లు 2 పవర్ కె కంటే తక్కువ, అంటే 2 పవర్ (కె+1) కంటే తక్కువ.

ఆవుల దెబ్బకి కె = 2 పెట్టి కూడా చదివా. 3 మాత్రలకి 2 + 1 వాడుతున్నాం, రెండూ బేస్‌లో ఉన్నాయి. విరగలేదు.

అరసవల్లి_ఎండ

ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. మిడ్‌లో ఇలాగే మాటల్లో రాయి, గుర్తులు కుప్పపొయ్యకు.

బొబ్బిలి_పద్యం

నాదొక ప్రశ్న. మూడేసి అక్షరాలకి పది అక్షరాల యమాతా ఉంది. నాలుగేసి అక్షరాల పేర్పులన్నీ వచ్చేలా ఒక వరస కావాలంటే ఎన్ని అక్షరాలు కావాలి?

ఏడురోడ్ల_పిల్ల

నాలుగేసివి 16 రకాలు. ఒక్కో పేర్పు ఒక్కో చోట మొదలవ్వాలి, చివరిదానికి ఇంకో మూడక్షరాలు తోడు, కాబట్టి 19 కి తగ్గదు. ఎనిమిది చుక్కలతో అదే గ్రాఫ్ వేస్తే 19 లో సరిపోతుందని కూడా తెలుస్తుంది. ఒకటి ఇదిగో: ల ల ల ల గ ల ల గ గ ల గ ల గ గ గ గ ల ల ల.

పలాస_జీడిపప్పు

19 అంటే శార్దూలం పాదం కదా! కొంపదీసి శార్దూలమే అదా?

చీపురుపల్లి_ప్యాసింజర్

కాదు. మ స జ స త త గ రాసుకుని చూశా: గ గ గ ల ల గ ల గ ల ల ల గ గ గ ల గ గ ల గ. మొదట్లోనే గ గ గ ల ఉంది, మళ్ళీ 12వ అక్షరం నుంచి గ గ గ ల వచ్చింది. 19 అక్షరాల్లో నాలుగేసి తీసే చోట్లు 16, పేర్పులు 16. ఒకటి రెండుసార్లు వస్తే ఏదో ఒకటి రాకుండా పోవాల్సిందే. నాలుగు లఘువులు వరసగా ఎక్కడా లేవు, రాకుండా పోయినవాటిలో అదొకటి.

సప్లీ_బ్యాచ్

పీజన్‌హోల్ కూడా వాడేశాడు. జీడిపప్పు ప్యాకెట్ వీడికే, అడ్రస్ పర్సనల్ మెసేజ్ పెట్టు తమ్ముడూ. కానీ రెండు గ గ గ ల లే కాదు, గ గ ల గ కూడా చూడు, ఇంకా ఎన్ని పోయాయో ఎవరైనా లెక్క కట్టండి.